పెద్దల చుక్క

మహబూబాబాద్‌ను ఇప్పటికీ మానుకోట అనే పిలుచుకునే ఆ ఊరివాళ్లకు సోని నోరు మంచిది కాదని బాగా తెలుసు. చెయ్యి మంచిదని కూడా తెలుసు కాబట్టి ఆ నోటిని భరిస్తారు. పోయిన వారం మనం ఆగే సమయానికి ఆ నోటికీ చేతికీ కలిపి పెద్ద పరీక్షే వచ్చి పడింది. జనగామ నుంచి వెంకట్రాం పటేల్ కారు వేసుకొని సోని టాటూ షాపు ముందు దిగాడు. ఆయన కూతురు సింధూజ చేతి మీద కొత్తగా పొడిపించుకున్న పచ్చబొట్టు వాచి, చీము పట్టి, పిల్లకు జ్వరం తెప్పించింది. ఎవరు పొడిచారని నిలదీస్తే మానుకోట సోని అని చెప్పిందట. సోని ఆ పిల్లకు సూది తాకించిన పాపాన పోలేదు. ఆ మాటే చెప్పింది. ఆయన నమ్మలేదు. షాపు మూయించి గాని కదలనని కూర్చున్నాడు.

కూర్చున్నది కూడా ఎక్కడ? గోడవారగా వచ్చినవాళ్ల కోసం వేసిన బల్ల ఉండగా, పచ్చబొట్టు పొడిపించుకునేవాళ్లు పడుకునే కుర్చీలో. పొద్దున్నే సోని స్పిరిట్‌తో తుడిచి, కొత్త ప్లాస్టిక్ షీటు చుట్టి పెట్టుకున్న కుర్చీ అది. కాళ్లు పెట్టుకునే చోట ఆయన బూట్లు పెట్టాడు. ఆ బూట్లకు జనగామ దుమ్ము కూడా ఉంది. సోని ఆ బూట్లనే చూస్తూ నిలబడింది. ఈ మనిషి వెళ్లాక ఈ కుర్చీని మళ్లీ మొదటి నుంచి కడగాలి గదా అన్నదే ఆమె మొదటి బాధ.

వెంకట్రాంకు తన ఊళ్లో బోలెడు భూమి ఉంది. ఒకప్పుడు సర్పంచ్‌గా చేశాడు. ఆ పదవి పోయిన సంగతి ఆయన ముందు ఎవరూ ఎత్తరు, ఎత్తితే ఆయనకూ గుర్తొస్తుందని భయం. ఎక్కడికి వెళ్లినా జైపాల్ అనేవాడొకడు వెంట ఉంటాడు. వాడు చేసే పనల్లా పటేల్ మాట్లాడుతుంటే ఫోన్లో వీడియో తీయడం. ఇప్పుడూ తీస్తున్నాడు. గుమ్మం దగ్గర పటేల్ భార్య రాజమణి నిలబడి ఉంది. ఆమె పక్కనే బల్ల మీద సింధూజ, మోచేతి నుంచి మణికట్టు దాకా పాత చీరగుడ్డ చుట్టుకొని, తల దించుకొని.

"ఏం పిల్లా, నా బిడ్డ అబద్ధమాడిందంటవా?" అన్నాడు వెంకట్రాం.

"ఆడింది. ఎందుకాడిందో నాకు తెల్వది సార్."

సార్ అంటే ఆయన మొహం చిట్లించాడు. సోని తండ్రి మంగీలాల్ లాంటి తండా మనుషులు ఆయన్ని దొరా అని పిలిచిన రోజులు ఆయనకు ఇంకా తియ్యగానే ఉన్నాయి. ఆ పిలుపు సోని నోట రాదు. కేసముద్రం దగ్గరి లంబాడా తండాలో పుట్టి, మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలకు కుట్లు వేసిన చేతులతో ఈ షాపు పెట్టుకుంది. ఈ నాలుగు గోడలు తప్ప ఆమె తలెత్తుకొని నిలబడడానికి ఈ ఊళ్లో ఇంకో జాగా లేదు. షట్టర్ పడితే మళ్లీ బస్తాల దగ్గరికే. అది ఆమెకు తెలుసు. పైకి మాత్రం మూతి విరుపే.

వెంకట్రాం ఇంకో మాట అన్నాడు. ఆ మాట దగ్గర ఆయన గొంతు పెంచలేదు. "ఆడదానివని ఇంత సేపు మాట్లాడుతున్న. ఎవడన్న మొగోడు నా బిడ్డ చెయ్యి పట్టుకొని గిది పొడిచిండంటే, వాని చెయ్యి వాని ఒంటికి ఉంచేటోన్నా?"

సింధూజ తల ఇంకా కిందికి దిగింది. సోని అది చూసింది గాని పట్టించుకోలేదు. ఆమె మనసంతా అప్పటికే జనగామలోని రాకేష్ మీదికి వెళ్లిపోయింది.

రాకేష్ అంటే సోనికి ఒళ్లు మంట. నిరుడు జాతరలో డేరా వేసి, ఒకే సూదితో వచ్చినవాళ్లందరికీ పొడిచి పంపిన మహానుభావుడు. ఈ ఏడు ఏసీ గదిలోకి మారి, రంగు లైట్లు పెట్టి, ఆర్టిస్టు అని బోర్డు రాయించుకున్నాడు. గోడ నిండా అతికించిన బొమ్మలు వాడు పొడిచినవి కావు, ఫోన్లో దొరికినవి. ఒకటో రెండో సొంతవి ఉన్నా అవి పొడిచిన గంటలోపు తీసిన ఫొటోలు. అప్పుడు ఎవరి పని అయినా మెరుస్తూనే ఉంటుంది. ఏడాది తర్వాత ఆ చెయ్యి ఎలా ఉందో చూపించమని అడిగినవాడు లేడు. గీత లోపలికి దిగి, పక్కలకు పాకి, సింహం కాస్తా తడిసిన పిల్లి అయ్యాక ఎవడైనా అడిగితే, నీ తోలు మంచిది కాదంటాడట. విన్నవాళ్లు తమ తోలును తిట్టుకుంటూ ఇంటికి పోతారట. అలాంటివాళ్లకు అలాంటి ఆర్టిస్టే దొరకాలి అని సోని సిద్ధాంతం.

ఆ సిద్ధాంతం కాస్తా ఇప్పుడు పటేల్ చెవిన వేసింది. సూది పొట్లం మన కళ్ల ముందు చింపారా, రంగు కొత్త గిన్నెలో పోశారా, చేతులకు కొత్త గ్లవుజులు తొడిగారా అని మీ ఇంట్లో ఎవరైనా అడిగారా అంది. ఆయనకు అర్థం కాలేదు. ఆయనకు తెలిసిన భాషలో చెప్పాలనిపించింది సోనికి.

"బర్రెను కొనేటప్పుడు పండ్లు చూస్తరు, పాలు పిండి చూస్తరు, ఇంటికి తెచ్చినంక కూడ అనుమానంగనే చూస్తరు. సచ్చేదాంక ఒంటి మీద ఉండేదాన్ని పొడిచేటోన్ని మాత్రం ఫోన్ల రీలు చూసి ఎంచుకుంటరు. గదీ మీ తెలివి."

జైపాల్ నవ్వు ఆపుకోలేక ఫోను కదిలించాడు. పటేల్ వాడి వైపు చూడగానే ఫోను మళ్లీ నిలకడగా నిలబడింది.

సోని ఇక రాజమణి వైపు తిరిగింది. పొడిపించుకున్నాక ఏం చేశారమ్మా అని అడిగింది. రాజమణి కొంగు సర్దుకొని, తప్పేమీ లేనట్టుగానే చెప్పింది. మహదేవపూర్‌లో వాళ్ల అక్క ఇంట్లో ఏదో శుభకార్యం ఉంటే మర్నాడే వెళ్లారట. అంత దూరం వెళ్లి కాళేశ్వరం చూడకుండా ఎలా వస్తారు? గోదావరిలో స్నానం చేశారు. పిల్ల చెయ్యి తడపనని మొరాయిస్తే, తల్లే భుజం పట్టుకొని నిండా ముంచింది. సాయంత్రానికి చెయ్యి మండుతోందంటే పసుపు, కొబ్బరినూనె కలిపి మందంగా పూసి, గుడ్డ చుట్టింది. దురద పెడుతోందంటే గుడ్డ మీది నుంచే గోకమని సలహా కూడా ఇచ్చిందట.

సోని కళ్లు మూసుకొని తెరిచింది. ఇలాంటి పెద్దమనుషుల్ని చూస్తే ఆమెకు కోపం కూడా దండగ అనిపిస్తుంది.

"పచ్చి పుండును తీస్కపోయి గోదాట్ల ముంచినవా అమ్మా? లోకం తానమాడిన నీళ్లల్ల? తోలు మానేదాంక నిండ మునుగొద్దు, ఎండల తిరగొద్దు, పక్కు గోకొద్దు. మంచినీళ్లతోని మెల్లగ కడిగి, పల్చగ మందు రాసి ఇడిసిపెట్టాలె. గింతే. గింత చిన్న పని చేతకాక మంది షాపుల మీదికొచ్చినరు."

రాజమణి మళ్లీ కొంగు సర్దుకుంది. ఈమెకు అర్థమై ఉండదులే అని సోని అక్కడితో ఆమెను లెక్కలోంచి తీసేసింది. ఒక మనిషిని లెక్కలోంచి తీసేయడం సోనికి చాలా తేలిక.

వెంకట్రాం మాత్రం నదిదీ పసుపుదీ తప్పు కాదన్నాడు. సూది పొడిచినదానిదే తప్పన్నాడు. తన కూతురు నోటితో చెప్పిన పేరు సోనిది. మున్సిపల్ ఆఫీసు నుంచి పోలీస్ స్టేషన్ దాకా తన మనుషులున్నారని, సాయంత్రం లోపు తాళం పడుతుందని, ఈ వీడియో ప్రతి గ్రూపులోకి పోతుందని, ఆ తర్వాత ఈ జిల్లాలోనే కాదు, భూపాలపల్లి అడవుల్లో కూడా ఎవడూ నీకు చెయ్యి చాపడని తీరిగ్గా వివరించాడు.

అప్పుడు సోని ఆ మాట అన్నది. తర్వాత ఎన్నిసార్లు నాలుక కొరుక్కున్నా వెనక్కి రాని మాట.

ఆ మాటకు ముందు ఒక సంగతి చెప్పాలి. సోని నాయనమ్మ చాందీ తండాలో పచ్చబొట్లు పొడిచేది. ఆముదం దీపం మసి పట్టి, ఆకు పసరుతో కలిపి, సూదులు కట్టకట్టి పొడిచేది. మనిషి పోయాక వెండి కడియాలు తీసేస్తారు, గాజులు తీసేస్తారు, కట్టుబట్ట కూడా మార్చేస్తారు, వెంట వచ్చేది పచ్చబొట్టు ఒక్కటే అని ఆమె నమ్మకం. అవతల ఉన్న పెద్దలు దాన్ని చూసే మనవాళ్లని గుర్తుపడతారట. అందుకే ఏ బొమ్మ పొడిచినా ముందు వాళ్ల పేరు మీద ఒక చుక్క పెట్టేది. మోచేతి మడత కింద, బొమ్మ మొదలయ్యే చోట, నువ్వు గింజంత. ఆ చుక్క పెట్టకుండా గీత లాగితే చెయ్యి దొంగదవుతుందని అనేది. సోని మెషిన్ మీదికి మారింది, రంగులు మారాయి, బొమ్మలు మారాయి, చుక్క మాత్రం మానలేదు. ఆ ఇంటి చెయ్యి ఎక్కడ పడ్డా ముందు పెద్దల చుక్కే.

సోని ఫోను ముందుకు వచ్చి, జైపాల్‌తో సరిగ్గా తియ్యమని చెప్పింది. చుక్క సంగతంతా పటేల్‌కు చెప్పింది. ఆ తర్వాత,

"జనగామల రాకేష్‌కు గా చుక్క తెల్వది. తెలిసినా పెట్టడు, పెద్దలంటే భయముంటే గదా. మీ ముంగటనే గుడ్డ ఇప్పుత. నీ బిడ్డ చేతి మీద పెద్దల చుక్క ఉంటే నా షట్టర్ నేనే గుంజుత. మళ్ల సూది పట్ట. ఇగ లేదనుకో, గా కుర్చీలకెల్లి లేచి, నువ్వే దాన్ని తుడిచి పోవాలె."

పటేల్ కుర్చీలోంచి లేచాడు. తుడవడానికి కాదు, చూడడానికి.

సోని చేతులు కడుక్కుంది. గ్లవుజులు తొడుక్కుంది. గుడ్డ పుండుకు అంటుకుపోయి ఉంటే సెలైన్ నీళ్లు పోసి నానబెట్టి, ఓపిగ్గా మడత మడత విప్పింది. నోరెంత చెడ్డదైనా ఆ చేతుల్లో మోటుతనం లేదు. సింధూజ పళ్లు కొరుక్కుంది గాని అరవలేదు. చివరి మడత ఊడి రాగానే రాజమణి మొహం పక్కకు తిప్పుకుంది.

ముంజేతి నిండా రెక్కలు విప్పిన పాలపిట్ట. తోక వైపు అంతా ఎర్రగా వాచి, పక్కు గోకిన చోట చీము కారుతోంది. అది సోని అనుకున్నదే. రాకేష్‌ను తిట్టడానికి తిట్లు కూడా సిద్ధం చేసుకుంది. గీత పాకిందని అనాలి, సూది లోతుగా దింపాడని అనాలి, రంగు మచ్చలు మచ్చలుగా పోశాడని అనాలి.

వాపు లేని రెక్క వైపు చూసింది. తిట్లు నోట్లోనే ఆగిపోయాయి.

గీత పాకలేదు. వెంట్రుకంత సన్నంగా, మొదటి నుంచి చివరి దాకా ఒకే ఊపిరిలో లాగినట్టు ఉంది. ఈకల్లో ముదురు నీలం నుంచి లేత నీలానికి దిగిన తీరు చూస్తే సోనికి ముందు వచ్చింది ఈర్ష్య. ఇంత మెత్తగా నీలాన్ని కరిగించడం తనకు కూడా రాదు. రాకేష్ పదిసార్లు పుట్టినా ఈ రెక్క వెయ్యలేడు. పుండు సూదిది కాదు, నిస్సందేహంగా నదిది. సూది పట్టింది మాత్రం నిజమైన పనివాడు.

ఆమె చూపు దానంతట అదే మోచేతి మడత కిందికి పోయింది. పిట్ట ముక్కుకు కాస్త పైన, పసుపు మరక పక్కన, నువ్వు గింజంత నల్ల చుక్క.

ఆ చుక్క పెట్టే చేతులు ఈ భూమ్మీద మూడే. ఒకటి చాందీ అవ్వది. ఆ చెయ్యి ఇప్పుడు గ్లాసు కూడా వణక్కుండా పట్టుకోలేదు. ఒకటి తనది. మూడోది ప్రేమ్‌సింగ్‌ది.

ప్రేమ్‌సింగ్ ఆమె సొంత తమ్ముడు. ఇదే షాపులో, ఇదే కుర్చీ పక్కన ఆమె దగ్గరే పని నేర్చుకున్నాడు. నిరుడు ఒక గీత వంకర పోతే, కూర్చున్న జనం ముందే వాడి చేతిలోంచి మెషిన్ లాక్కొని, "నీ చెయ్యి పార పట్టనీకే పనికొస్తది, పో" అంది. వాడు నిజంగానే పోయాడు. భూపాలపల్లిలో బొగ్గు పనికి కుదిరాడని విన్నప్పుడు, తగిన పని దొరికిందిలే అని నలుగురిలో నవ్వింది కూడా. ఆ పార పట్టే చెయ్యి ఈ రెక్క వేసింది. అక్క మీద ఎంత కోపం ఉన్నా చుక్క పెట్టకుండా గీత లాగలేదు. దొంగతనంగా చేసిన పనిలో ఇంటి గుర్తు వదిలే వెర్రివాడు వాడొక్కడే. సోనికి ఏడుపొచ్చింది. ఇంత మంది ముందు ఏడవడం తెలియక ఊరుకుంది.

అప్పుడే సింధూజ నెమ్మదిగా రెండో చెయ్యి తెచ్చి, నొప్పికి పట్టుకున్నట్టుగా బొటనవేలు ఆ చుక్క మీద పెట్టింది. పెట్టి, ఆ షాపులోకి వచ్చాక మొదటిసారి సోని కళ్లలోకి చూసింది.

అంటే ఈ పిల్లకు చుక్క సంగతి తెలుసు. వాడే చెప్పాడు. సోనికి అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. నిరుడు ఈ సింధూజే ఫోన్లో ఏదో బొమ్మ పట్టుకొచ్చి సాయంత్రానికల్లా కావాలంటే, ఒంటి మీద బొమ్మంటే చాయ్ కాదని తాను తిట్టి పంపింది. మొహం చిన్నబుచ్చుకున్న పిల్లను రైల్వే స్టేషన్ దాకా దిగబెట్టి వచ్చింది ప్రేమ్‌సింగే. తండ్రి నిలదీస్తే ఆ పిల్ల సోని పేరు ఎందుకు చెప్పిందో కూడా ఇప్పుడు తెలిసింది. ఆడదాని పేరు చెబితే షాపు పోతుంది. మగవాడి పేరు చెబితే చెయ్యి పోతుంది. అందులోనూ తండా పిల్లవాడి చెయ్యి.

"చుక్క ఉన్నదా?" అన్నాడు వెంకట్రాం. జైపాల్ ఫోను మోచేతి దగ్గరికి వచ్చింది.

లేదంటే సరిపోతుంది. బొటనవేలు తియ్యమని ఎవరూ అడగకపోతే గట్టెక్కుతుంది. కానీ లేదంటే ఆయన ఇక్కణ్నుంచి నేరుగా రాకేష్ దగ్గరికి పోతాడు. రాకేష్ తాను కాదని ఏడుస్తాడు. పటేల్ వెతకడం మొదలుపెడతాడు. వెతికేవాడికి భూపాలపల్లి ఎంత దూరం?

సోని గ్లవుజులు తీసి చెత్తబుట్టలో వేసింది. సింధూజ బొటనవేలిని తన వేళ్లతో పక్కకు జరిపింది.

"ఉన్నది. మా ఇంటి చెయ్యే."

వెంకట్రాం ఒక నవ్వు నవ్వాడు. సోని ఇంతసేపూ లోకం మీద విసిరిన చిన్నచూపంతా ఆ నవ్వులో తిరిగి వచ్చింది. నీతులు చెప్పినవు గదా అన్నాడు. తండా బుద్ధి తండాదే అన్నాడు. ఇంకెప్పుడైనా ఆ మాట వింటే సోని నోరు ఊరుకునేది కాదు. ఇప్పుడు ఊరుకుంది. ముందు పిల్లను దవాఖానకు తీసుకుపొమ్మని, పసుపు, నూనె మళ్లీ తాకించొద్దని, డాక్టర్ రాసిన మందు పూర్తయ్యేదాకా మానొద్దని మాత్రం చెప్పింది. పటేల్ విననే లేదు. జైపాల్‌ను వెంటేసుకొని, వీడియో ఎంత నిడివి వచ్చిందో అడుగుతూ కారు దగ్గరికి నడిచాడు. సింధూజ గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి ఏదో అనబోయింది. సోని కళ్లతోనే వద్దంది.

ఇనుప కొక్కెం తీసుకొని షట్టర్ కిందికి లాగింది. బస్తాల దుమ్ము అప్పుడే ముక్కులోకి వచ్చినట్టయింది. సగం దాకా దిగిన షట్టర్ అక్కడే ఆగిపోయింది. ఇంకా లాగితే రాలేదు. వంగి చూస్తే కింద గాజులు వేసుకున్న చెయ్యి షట్టర్ అంచును పట్టుకొని ఉంది.

రాజమణి. కారు వైపు ఒకసారి చూసి, భర్త లోపల కూర్చున్నాడని తేల్చుకొని, ఆమె తల వంచి షట్టర్ కిందికి వచ్చింది. సోని ఏ లెక్కలోకీ తీసుకోని మనిషి, అంతసేపూ ఒక్క మాట పోనీయకుండా విన్న మనిషి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఇందాక సూది తాకించలేదంటివి. ఇప్పుడు నేనే పొడిచిన అనలే, మా ఇంటి చెయ్యి అంటివి. మీ ఇంట్ల ఇంకెవరు పొడుస్తరు బిడ్డా?"